స్క్రీన్ కొట్టుకుంటోందా? కొత్త మానిటర్ కొనే ముందు ఈ వరసలో చెక్ చేయండి

డెస్క్‌టాప్ స్క్రీన్ మిణుకుమిణుకుమనడం మొదలైతే మన ఊళ్లల్లో రెండే తీర్పులు వినిపిస్తాయి. ఒకటి, "మానిటర్ పోయింది, కొత్తది తెచ్చుకో". రెండోది, "కరెంట్ సక్కగ లేదు, ఏం చేస్తం". మొదటిది నమ్మితే వేల రూపాయలు పోతాయి. రెండోది నమ్మితే ఏమీ చేయకుండా కూర్చుంటాం, ఈలోగా అసలు లోపం ముదురుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. పక్క ఫ్లాట్‌లోంచి ఇంకో కేబుల్ తెచ్చి పెట్టి చూస్తారు, కాకపోతే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తారు. మా కొల్లాపూర్‌లో అలా కుదరదు. బ్రాండ్ సర్వీస్ సెంటర్ కావాలంటే మానిటర్‌ను బెడ్‌షీట్‌లో చుట్టుకుని బస్సెక్కాలి. హైదరాబాద్ దాకా అంటే దాదాపు 180 కిలోమీటర్లు. అక్కడికి పోయాక "మానిటర్ బాగానే ఉంది, మీ ఇంట్లోనే ఏదో ప్రాబ్లం" అంటే ఆ రోజు, ఆ ఛార్జీలు రెండూ దండగ.

అందుకే ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే తప్పు ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవాలి. అది అయ్యే పనే. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఏ వరసలో చూడాలో తెలిస్తే చాలు.

బొమ్మ ఏ దారిలో వస్తుంది?

స్క్రీన్ మీద మీకు కనిపించే బొమ్మ చాలా చేతులు మారి వస్తుంది. యాప్ గీయమంటుంది, విండోస్ దాన్ని డ్రైవర్‌కు ఇస్తుంది, డ్రైవర్ గ్రాఫిక్స్ చిప్‌కు చెబుతుంది. అక్కడి నుంచి పోర్ట్, పోర్ట్ నుంచి కేబుల్, కేబుల్ నుంచి మానిటర్ లోపలి బోర్డు. ఆ బోర్డు ప్యానెల్‌ను నడిపిస్తుంది, ప్యానెల్ వెనక బ్యాక్‌లైట్ వెలుగుతుంది. ఇది ఒక దారి. రెండో దారి కరెంట్‌ది. గోడ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, ప్లగ్గు, మానిటర్ లోపలి పవర్ సప్లై.

వీటిలో ఎక్కడ తేడా వచ్చినా బయటికి కనిపించేది ఒకటే: స్క్రీన్ కొట్టుకోవడం. కాబట్టి లక్షణాన్ని చూసి పార్టు మార్చడం చీకట్లో రాయి వేయడమే. బీటెక్‌లో బైనరీ సెర్చ్ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: వెతకాల్సిన చోటును సగానికి కోయి, తప్పు లేని సగాన్ని పక్కన పెట్టు, మిగిలినదాన్ని మళ్లీ కోయి. ఇక్కడా అదే పని చేద్దాం.

ముందు పది నిమిషాలు గమనించండి

ఎప్పుడు, ఎలా కొట్టుకుంటోందో ఒక కాగితం మీద రాసుకోండి. సగం సమాధానం అక్కడే దొరుకుతుంది.

- ఒకటి రెండు సెకన్లు పూర్తిగా నల్లబడి బొమ్మ తిరిగి వస్తోంది: కేబుల్, పోర్ట్ లేదా రిఫ్రెష్ రేట్ మీద అనుమానం.
- బొమ్మ కదలట్లేదు, వెలుతురు మాత్రం తగ్గుతూ పెరుగుతోంది: మానిటర్ పవర్ బోర్డు లేదా బ్యాక్‌లైట్.
- ఆన్ చేసిన కొత్తలో కొట్టుకుని, వేడెక్కాక నిలబడుతోంది: మానిటర్ లోపలి కెపాసిటర్లు అలసిపోయాయి.
- రంగురంగుల చుక్కలు, గళ్లు వస్తున్నాయి: గ్రాఫిక్స్ కార్డు లేదా ర్యామ్.
- ఒక్క బ్రౌజర్‌లోనో ఒక్క యాప్‌లోనో మాత్రమే వస్తోంది: సాఫ్ట్‌వేర్.
- గేమ్ ఆడేటప్పుడు, అదీ చీకటి సీన్లలో వస్తోంది: వేరియబుల్ రిఫ్రెష్ రేట్.
- ఇంకో మెషీన్ ఆన్ చేసినప్పుడే వస్తోంది: వైరింగ్.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలామంది ఫోన్‌తో వీడియో తీసి "చూడు, గీతలు ఎట్ల పోతున్నయో" అని వాట్సాప్‌లో పంపుతారు. ఆ గీతలను నమ్మొద్దు. ఫోన్ కెమెరా వేగానికీ, స్క్రీన్ రిఫ్రెష్‌కూ, బ్యాక్‌లైట్ ఆరి వెలిగే వేగానికీ పొంతన కుదరకపోతే బాగున్న మానిటర్ మీద కూడా వీడియోలో పట్టీలు కనిపిస్తాయి. మీ కంటికి ఏం కనిపిస్తోందన్నదే ముఖ్యం.

పరీక్ష 1: మానిటర్ మెనూ

స్క్రీన్ కొట్టుకుంటున్నప్పుడే మానిటర్ కింద లేదా వెనక ఉండే బటన్ నొక్కి, బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఉండే మెనూ తెరవండి. ఆ మెనూ కంప్యూటర్ నుంచి రాదు. దాన్ని మానిటర్ లోపలి చిప్పే గీస్తుంది. విండోస్‌కు, డ్రైవర్‌కు, కేబుల్‌కు దాంతో సంబంధం లేదు.

వెనక బొమ్మ ఎగురుతున్నా మెనూ కదలకుండా ఉంటే మానిటర్, దాని పవర్ బాగానే ఉన్నాయి. తప్పు కేబుల్‌లోనో సీపీయూ వైపో ఉంది. మెనూ కూడా బొమ్మతో పాటే కొట్టుకుంటే తప్పు మానిటర్‌లోనో దానికి వచ్చే కరెంట్‌లోనో ఉంది. ఒక్క బటన్‌తో దారి రెండు ముక్కలైంది.

పరీక్ష 2: కేబుల్ పీకేయండి

సిగ్నల్ పోయినప్పుడు కొన్ని మానిటర్లలో మెనూ కూడా మాయమవుతుంది. అప్పుడు మొదటి పరీక్ష తేలదు. మానిటర్‌ను ఆన్‌లోనే ఉంచి వీడియో కేబుల్ తీసేయండి. "నో సిగ్నల్" అనో "కేబుల్ చెక్ చేయండి" అనో ఒక పెట్టె కనిపిస్తుంది. కొద్దిసేపటికి మానిటర్ నిద్రలోకి పోతే పవర్ బటన్‌తో మళ్లీ లేపండి. ఆ పెట్టె స్థిరంగా ఉందా, అదీ వణుకుతోందా చూడండి. వణికితే కంప్యూటర్‌ను పూర్తిగా మర్చిపోవచ్చు, ఎందుకంటే అది ఇప్పుడు కనెక్ట్ అయ్యే లేదు.

పరీక్ష 3: బయోస్‌లో పది నిమిషాలు

సిస్టమ్ రీస్టార్ట్ చేసి, బోర్డును బట్టి డిలీట్ లేదా ఎఫ్2 కీ కొడుతూ బయోస్‌లోకి వెళ్లండి. ఏమీ మార్చకుండా పది నిమిషాలు అలాగే వదిలేయండి. ఇంకా విండోస్ లోడ్ కాలేదు, దాని డ్రైవర్ కూడా లేదు. ఇక్కడ కూడా కొట్టుకుంటే విండోస్‌ను ఫార్మాట్ కొట్టి లాభం లేదు. ఇక్కడ నిలకడగా ఉండి, విండోస్‌లోకి రాగానే మొదలైతే డ్రైవర్ లేదా సెట్టింగ్ మీద అనుమానం పెట్టుకోండి.

ఒక మినహాయింపు ఉంది. బయోస్ సాధారణంగా తక్కువ రిఫ్రెష్ రేట్‌లోనే నడుస్తుంది. మీది 144 లేదా 165 హెర్ట్జ్ మానిటర్ అయితే, కేబుల్ బలహీనంగా ఉన్నా బయోస్‌లో లోపం బయటపడకపోవచ్చు. అలాంటివాళ్లు విండోస్‌లో 60 హెర్ట్జ్‌కు తగ్గించి మళ్లీ చూడాలి.

పరీక్ష 4: టాస్క్ మేనేజర్

ఇది మైక్రోసాఫ్ట్ తన సపోర్ట్ పేజీల్లో చెప్పే పద్ధతే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. స్క్రీన్ అంతా కొట్టుకుంటూ టాస్క్ మేనేజర్ కూడా కొట్టుకుంటే డిస్‌ప్లే డ్రైవర్ వైపు చూడాలి. టాస్క్ మేనేజర్ ఒక్కటే నిలకడగా ఉండి మిగతాదంతా కొట్టుకుంటే ఏదో యాప్ విండోస్‌తో పడట్లేదు.

నాలుగు పరీక్షలకూ కలిపి అరగంట చాలు. ఖర్చు సున్నా. ఇక ఏ సగం దోషి అని తేలితే ఆ సగంలోకి వెళ్దాం.

తప్పు విండోస్ వైపు ఉంటే

ముందు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అయిందన్నమాట. తెరిచిన ఫైళ్లు ఎక్కడికీ పోవు. దీంతో తాత్కాలికంగా తగ్గిందంటే డ్రైవర్ మీద అనుమానం గట్టిపడినట్టే.

విండోస్ అప్‌డేట్ వచ్చాకే ఈ తలనొప్పి మొదలైతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కండి. పాత డ్రైవర్ లేకపోతే ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా సైట్లలో మీ చిప్‌కు సరిపడేది మీరే దించుకోండి. డ్రైవర్ ప్యాక్‌ల పేరుతో దొరికే మూడో పార్టీ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు.

తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరసలో వెళ్లి రిఫ్రెష్ రేట్ చూడండి. మానిటర్ డబ్బా మీద 75 అని ఉంటే 75, 60 అని ఉంటే 60. ఎవరో ఓవర్‌క్లాక్ చేసి వదిలేసిన సంఖ్య అక్కడ ఉంటే దాన్ని దించండి.

క్రోమ్‌లోనే, యూట్యూబ్‌లోనే కొట్టుకుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేసి చూడండి. ఆపితే తగ్గిందంటే వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించినప్పుడే గొడవ వస్తోందని అర్థం. డ్రైవర్ సరిచేశాక మళ్లీ ఆన్ చేసుకోండి, లేకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

గేమర్లకు విడిగా ఒక మాట. ఫ్రీసింక్, జీ-సింక్ ఆన్‌లో ఉన్నప్పుడు గేమ్ ఫ్రేమ్ రేట్ ఎంత ఉంటే స్క్రీన్ అంత వేగంతో మారుతుంది. ఆ రేటు ఒక్కసారిగా పైకీ కిందికీ ఊగితే వీఏ, ఓలెడ్ ప్యానెళ్లలో చీకటి సీన్ల వెలుతురు వణికినట్టు కనిపిస్తుంది. లోడింగ్ స్క్రీన్లలో ఇది మరీ ఎక్కువ. మానిటర్ పాడైందని కంగారు పడొద్దు. ఆ ఆప్షన్ ఆపి చూడండి. ఆపగానే పోతే మానిటర్ బాగానే ఉంది, గేమ్‌లో ఫ్రేమ్ రేట్‌కు పరిమితి పెట్టుకుంటే సరిపోతుంది.

తప్పు కేబుల్ వైపు ఉంటే

అన్నిట్లోకి చవకైన భాగం ఇదే, అందరూ చివర్లో చూసేదీ ఇదే. రెండు కొనలూ పీకి, పిన్నులు చూసి, మళ్లీ గట్టిగా పెట్టండి. పాత వీజీఏ కేబుల్ అయితే రెండు వైపులా మరలు బిగించండి. వీజీఏ అనలాగ్ సిగ్నల్. పక్కన ఉన్న పవర్ వైరు, అడాప్టర్ దాని మీద ప్రభావం చూపితే బొమ్మలో అలలు వస్తాయి. పవర్ వైర్లకు దూరంగా జరిపితే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ డిజిటల్. వీటిలో అలలు రావు. సిగ్నల్ అందినంతసేపూ బొమ్మ శుభ్రంగా ఉంటుంది, అందకపోతే చుక్కలు మెరుస్తాయి లేదా మొత్తం నల్లబడుతుంది. 1080పి బొమ్మ 60 హెర్ట్జ్‌లో నడవాలంటే హెచ్‌డీఎంఐలో సెకనుకు దాదాపు 4.5 గిగాబిట్లు ప్రయాణించాలి. 1440పి, 144 హెర్ట్జ్ అంటే అది 17 గిగాబిట్లు దాటుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 పరిమితి 10.2, 2.0 పరిమితి 18. అంటే సెట్‌టాప్ బాక్స్‌తో వచ్చిన పాత కేబుల్‌ను గేమింగ్ మానిటర్‌కు తగిలిస్తే మిణుకు రావడంలో ఆశ్చర్యం లేదు. అది 60 హెర్ట్జ్‌లో ఆగి 144లో వస్తోందంటే మొదట మార్చాల్సింది కేబుల్‌నే.

గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో కేబుల్‌ను ఇంకో పోర్ట్‌కు మార్చి కూడా చూడండి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న సిస్టమ్ అయితే అది మెయిన్ ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి మన మెకానిక్‌లు ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో అంచు తుడిచి పెట్టడం వట్టి చాదస్తం కాదు. సిస్టమ్ ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని ఆ పని చేయండి. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా చూసుకోండి.

ఇది వింటే నవ్వొస్తుంది కానీ నిజం. గ్యాస్ లిఫ్ట్ ఉన్న ఆఫీస్ కుర్చీలో కూర్చున్నప్పుడో లేచినప్పుడో పుట్టే స్టాటిక్ కేబుల్ మీద పడి స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడవచ్చని డిస్‌ప్లేలింక్ సంస్థ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. బ్రిటన్‌లో వేల్స్‌లోని అబర్‌హోసన్ అనే ఊళ్లో రోజూ పొద్దున 7 గంటలకు ఊరంతా బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. ఇంజినీర్లు కేబుళ్లు కూడా మార్చి చూశారు. చివరికి 2020లో తేలిందేమిటంటే ఒక ఇంట్లో ఆ టైమ్‌కు పాత టీవీ ఆన్ చేస్తున్నారు, దాన్నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్ ఊరి లైన్లను పాడు చేస్తోంది. అందుకే "అదే టైమ్‌కు ఇంకేం ఆన్ అవుతోంది?" అన్న ప్రశ్నను తీసిపారేయొద్దు.

తప్పు కరెంట్ వైపు ఉంటే

మన దగ్గర ఇంటి సప్లై 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నల్గొండ, పాలమూరు వైపు బోర్ల మీద వ్యవసాయం ఎక్కువ. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో నడిచేటప్పటి కంటే ఐదారు రెట్లు కరెంట్ గుంజుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద కరెంట్ రాగానే ఆటో స్టార్టర్లతో మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఆ లైన్‌లో వోల్టేజ్ కిందికి పడుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల కరెంట్ మొదలైంది. ఆ సమయంలో ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు చెప్పిన కారణాల్లో ఇదొకటి.

అయితే వోల్టేజ్ పడినంత మాత్రాన మానిటర్ కొట్టుకోవాలా? అక్కర్లేదు. మానిటర్ వెనక స్టిక్కర్ చదవండి. చాలావాటి మీద 100-240 వోల్టులు అని ఉంటుంది. అంటే 230 కాస్తా 170కి పడినా లోపలి పవర్ సప్లై దాన్ని సరిచేసుకుని బ్యాక్‌లైట్‌ను నిలకడగా ఉంచాలి. బల్బు మసకబారుతుంది, ఫ్యాన్ నెమ్మదిస్తుంది, మానిటర్ మాత్రం చలించకూడదు. చలించిందంటే మధ్యలో లూజ్ కాంటాక్ట్ ఉందని, లేదా మానిటర్ పవర్ బోర్డు బలహీనపడిందని. "కరెంట్ సక్కగ లేదు" అనేది ఇక్కడ పూర్తి సమాధానం కాదు.

దీనికి ఒక ఉదాహరణ చెబుతా. కొల్లాపూర్‌లో నాకు అన్న వరసయ్యే ఒకాయన చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. ఉద్యోగాల అప్లికేషన్లకు లాస్ట్ డేట్ దగ్గరపడితే షాపు ముందు నిలబడే చోటుండదు. అలాంటి రోజుల్లోనే ఫోన్ చేశాడు.

"తమ్మీ, స్క్రీన్ ఒకటే కొట్టుకుంటుంది. మానిటర్ పోయిందంట, కొత్తది తెచ్చుకోమన్నరు. ఏ కంపెనీది తీసుకోవాలె?"

"జర ఆగన్నా. మానిటర్ మీది బటన్ నొక్కి మెనూ తెరువు. కొట్టుకున్నప్పుడు మెనూ కూడా పోతుందా?"

పోతోంది. అంటే విండోస్, డ్రైవర్, కేబుల్ మూడూ బయటపడ్డాయి. వీడియో కేబుల్ పీకమన్నాను. "నో సిగ్నల్" పెట్టె కూడా మధ్యమధ్యలో ఆరిపోతోంది.

"ఎప్పుడెప్పుడు అయితుందో చూసినవా?"

"చూసిన. ప్రింట్ ఇచ్చినప్పుడు ఎక్కువైతుంది."

విషయం అక్కడ దొరికింది. లేజర్ ప్రింటర్‌లోనూ జిరాక్స్ మెషీన్‌లోనూ టోనర్ పొడిని కాగితం మీద కరిగించి అంటించే హీటర్ ఉంటుంది. ప్రింట్ తీసేటప్పుడు అది ఆగి ఆగి వెలుగుతుంది, వెలిగిన ప్రతిసారీ నాలుగైదు ఆంపియర్ల దాకా గుంజుతుంది. సీపీయూ యూపీఎస్ మీద ఉంది కాబట్టి దానికి ఏమీ కావట్లేదు. మానిటర్, ప్రింటర్ మాత్రం ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. మానిటర్ ప్లగ్గు తీసి గోడ సాకెట్‌లో పెట్టమన్నాను. తర్వాత వరసగా ఇరవై కాపీలు తీసినా స్క్రీన్ కదల్లేదు.

మెయిన్ ఆఫ్ చేసి, ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పించి ఫొటో పంపమన్నాను. లోపల వైరు బిగించే మర వదులైంది. ఇత్తడి పట్టీ నల్లగా కాలింది, పక్క ప్లాస్టిక్ కరిగి వంగింది. హీటర్ కరెంట్ లాగిన ప్రతిసారీ ఆ వదులు అతుకు దగ్గర చిన్న నిప్పురవ్వ లేస్తోంది, మానిటర్‌కు కరెంట్ తెగి కలుస్తోంది. చుట్టూ ఉన్నవి కాగితం రీములు. కొత్త మానిటర్ కొని అదే బోర్డులో పెట్టి ఉంటే అదీ కొట్టుకునేది. బోర్డు ఇంకా కాలుతూ పోయేది. తర్వాత ప్రింటర్‌ను విడిగా 16 ఆంపియర్ల గోడ సాకెట్‌కు, మానిటర్‌ను యూపీఎస్‌కు మార్చాడు. కొత్త బోర్డుకు ఐదొందల లోపే అయింది.

ఈ ఉదాహరణ నుంచి మీ ఇంటికి పట్టుకెళ్లాల్సినవి:

- మానిటర్‌ను ఇంకో గదిలోని ఇంకో సాకెట్‌కు మార్చి చూడండి. తగ్గితే తప్పు బోర్డుది.
- యూపీఎస్ ఉంటే మానిటర్‌ను దానికి పెట్టి, మెయిన్ ఆపి, ఐదు నిమిషాలు బ్యాటరీ మీద నడపండి. అక్కడ కూడా కొట్టుకుంటే ఊరి కరెంట్‌ది తప్పు కాదు.
- ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి. చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొన్ని మానిటర్లు గుయ్యిమంటాయి. ప్యూర్ సైన్ వేవ్ మంచిది.
- లేజర్ ప్రింటర్, ఇస్త్రీ పెట్టె, లామినేషన్ మెషీన్ ఎప్పుడూ కంప్యూటర్ బోర్డులో పెట్టొద్దు. లేజర్ ప్రింటర్‌ను చిన్న యూపీఎస్‌కు అసలే పెట్టొద్దు.
- ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తప్పు మానిటర్ లోపలే ఉంటే

సాకెట్ మార్చినా, కేబుల్ పీకినా కొట్టుకుంటోందంటే ఇక మానిటరే. పాత మానిటర్లలో ఎక్కువగా పోయేది పవర్ బోర్డు మీది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ఇవి వేడికి ఎండిపోతాయి. లెక్క సులువే: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర సుమారు 32,000 గంటలు వస్తుంది. అదే 75 డిగ్రీలైతే 16,000 గంటలే. షాపులో రోజుకు 10 గంటలు నడిస్తే మొదటిది ఎనిమిదిన్నరేళ్లకు పైన, రెండోది నాలుగున్నరేళ్ల లోపు. ఏసీ ఆఫీసులో ఏళ్లకేళ్లు నడిచే మోడలే రేకుల షెడ్డు కింద, మే నెల ఎండలో ఎందుకు త్వరగా పోతుందో ఇక్కడ తెలుస్తుంది. మానిటర్ వెనక గాలి ఆడే చోటు వదిలి, రంధ్రాల్లో దుమ్ము దులిపితే దాని ఆయుష్షు పెరుగుతుంది.

కెపాసిటర్ల ఖరీదు తక్కువే. కానీ మీరే విప్పొద్దు. 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలబడుతుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉంటుంది. ఇంట్లో ఇంకా పాత డబ్బా సీఆర్టీ మానిటర్ ఉంటే దాని జోలికి అసలే పోవద్దు, అందులో ఉండేవి వేల వోల్టులు. టీవీ రిపేర్ చేసేవాళ్లకు ఈ పని తెలుసు. "పవర్ బోర్డు కెపాసిటర్లు ఉబ్బాయేమో చూడండి" అని అడగండి చాలు.

ఇంకో రకం మిణుకు ఉంది, అది లోపం కాదు. కొన్ని మానిటర్లు వెలుతురు తగ్గించడానికి బ్యాక్‌లైట్‌ను సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. దీన్ని పీడబ్ల్యూఎం అంటారు. కంటికి నేరుగా కనిపించదు, కొందరికి తలనొప్పి మాత్రం వస్తుంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, తెల్ల స్క్రీన్ ముందు పెన్సిల్‌ను వేగంగా ఊపండి. మసక విసనకర్రలా కాకుండా విడివిడి పెన్సిళ్లలా కనిపిస్తే పీడబ్ల్యూఎం ఉన్నట్టు. బ్రైట్‌నెస్ పెంచితే ఇది తగ్గుతుంది. కొత్తది కొనేటప్పుడు "ఫ్లికర్ ఫ్రీ" అని ఉన్నది చూసుకోండి.

రిపేరా, కొత్తదా?

ముందు వారంటీ చూడండి. మన దేశంలో చాలా బ్రాండెడ్ మానిటర్లకు 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. బిల్లు పోయినా వెనక సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో చెక్ చేయొచ్చు. వారంటీలో ఉంటే ఎవరితోనూ విప్పించొద్దు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినప్పుడు "మెనూ కూడా కొట్టుకుంటోంది, కేబుల్ లేకుండా కూడా కొట్టుకుంటోంది, సాకెట్ మార్చి చూశాను" అని మూడు ముక్కల్లో చెప్పండి. మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేయమనే తతంగం చాలావరకు తప్పుతుంది.

వారంటీ అయిపోయి, పవర్ బోర్డు పోయి ఉంటే రిపేర్ చేయించడం లాభమే. ప్యానెల్ మీద నిలువు గీతలు శాశ్వతంగా పడితే ఆ ఖర్చు కొత్త మానిటర్‌కు దగ్గరగా పోతుంది, అప్పుడు కొత్తదే నయం.

ఒక్క చూపులో

- మెనూ నిలకడ, బొమ్మ కొట్టుకోవడం: కేబుల్, పోర్ట్, డ్రైవర్.
- మెనూ, బొమ్మ రెండూ కొట్టుకోవడం: సాకెట్, బోర్డు, మానిటర్ పవర్.
- బయోస్‌లో నిలకడ, విండోస్‌లో కొట్టుకోవడం: డ్రైవర్, రిఫ్రెష్ రేట్.
- టాస్క్ మేనేజర్ ఒక్కటే నిలకడ: ఏదో యాప్.
- సాకెట్ మార్చగానే తగ్గడం: ఎక్స్‌టెన్షన్ బోర్డు, వైరింగ్.
- ఎక్కడ పెట్టినా, కేబుల్ లేకున్నా కొట్టుకోవడం: మానిటర్.

మీ ఊళ్లో కంప్యూటర్ గురించి తెలిసినవాళ్లు మీరొక్కరే అయితే స్క్రీన్ కొట్టుకున్న ప్రతిసారీ ఫోన్ మీకే వస్తుంది. "ఏ కంపెనీది కొనాలె?" అని అడిగితే వెంటనే మోడల్ పేరు చెప్పేయకండి. ముందు మానిటర్ మెనూ తెరవమనండి, తర్వాత దాని ప్లగ్గు ఎక్కడుందో అడగండి.